గొడ్ల డాక్టరమ్మ చేతిసంచి

మొన్న సోమవారం పొద్దున్న మా చెల్లెలి మనవరాలు నా మంచం మీద తన సామానంతా పరిచి, వీపుసంచిలో ఒక్కొక్కటే సర్దుకుంటూ ఉంటే నేను కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చుని చూస్తున్నాను. పిల్ల చదువు చివరికొచ్చింది. అచ్యుతాపురం వైపు ఒక మందుల కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికిందట, అనకాపల్లిలో అమ్మమ్మ ఉండగా హాస్టలెందుకని వాళ్లమ్మ తెచ్చి నా దగ్గర దింపి వెళ్లింది. లాప్‌టాప్, దాని తీగ, ఫోనుకి వేరే తీగ, కరెంటు నింపుకునే పలకలాంటిదొకటి, మెడలో వేసుకునే కార్డు, చేతులకు రాసుకునే మందునీళ్లు, పెదాలకు రాసుకునేది ఇంకొకటి, నీళ్లసీసా. ఆ సంచికి ఎన్ని అరలున్నాయో, ఏ అరలో ఏది పోవాలో దానికి అంతా తెలుసు. తలెత్తకుండానే, "నీ ట్రైనింగుకి నువ్వేం పట్టుకెళ్లేదానివి అమ్మమ్మా?" అని అడిగింది.

"సబ్బు," అన్నాను.

చేతిలో పని ఆపి నా మొహం చూసింది. సబ్బు, కొబ్బరినూనె, నూలుతాడు అని పూర్తి చేశాను. పిల్ల పకపకా నవ్వింది. దానికి వివరంగా చెప్పే వ్యవధి లేదు, కంపెనీ బస్సు వచ్చే వేళయింది. అందుకని నా ఈడువాళ్లకు చెప్పుకుంటున్నాను. మీకైతే సబ్బెందుకో సగం చెప్పకుండానే తెలుస్తుంది.

నేను పశువుల డాక్టర్ని. ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాననుకోండి. మా ఇంటి పరిస్థితి చూస్తే ఆ చదువుకీ మాకూ ఏ పొత్తూ లేదు. నాన్నది ఇక్కడే అనకాపల్లి బెల్లం మార్కెట్టులో కమీషను కొట్టు. మా వాళ్లకు ఆవన్నా గేదన్నా గ్లాసులో పాలుగా తెలియడమే తప్ప, తోక ఎటుంటుందో చూసినవాళ్లు తక్కువ. మనుషుల డాక్టరు సీటుకు నా మార్కులు చాల్లేదు, పశువుల డాక్టరు సీటుకు చాలాయి. చుట్టాలు నవ్వారు. ఆడపిల్లకి గొడ్ల వైద్యమేమిటని ఒక పెద్దాయన మా అరుగు మీదే కూర్చుని గంటసేపు బాధపడ్డాడు. నాన్న అంతా విని, "రోగం గొడ్డుదైతే ఏటి, మనిషిదైతే ఏటి బావా, తగ్గించడం గొప్ప గాని," అని కొట్టుకు వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం, నేను దూరాన కాలేజీలో ఉన్నన్నాళ్లూ, మీ అమ్మాయి ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే "డాక్టరు చదువు" అనేసి వెంటనే మాట మార్చేసేదని తర్వాత చెల్లెలు చెప్పింది.

చదువు చివర కొన్ని నెలలు ఏదైనా ఆసుపత్రిలో పనిచేసి నేర్చుకోవాలన్నప్పుడు, ఇంటికి దగ్గరని నేను మునగపాక పశువుల ఆసుపత్రి అడిగి వేయించుకున్నాను. అదే అమ్మకు కష్టమైంది. కాలేజీ దూరంగా ఉండగా నేనేం చేస్తున్నానో ఆవిడ కంటపడలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం గొడ్ల వాసనతో ఇంటికి వస్తున్నాను.

మునగపాక డాక్టరుగారు రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ కొంచెం విసుగ్గా ఉండేవారు. మొదటిరోజు నేను కాలేజీ కాగితాలు అందిస్తే వాటిని పక్కన పెట్టి నా చేతులు చూశారు. "గోళ్లు, గాజులు, గడియారం. ఈ మూడూ గేటు దగ్గర వదిలి లోపలికి రావాలమ్మా," అన్నారు. అప్పుడే ఇంకో మాట కూడా చెప్పారు: మందులూ పనిముట్లూ ఆసుపత్రివి, ఒకరోజు ఉంటాయి ఒకరోజు ఉండవు, సంచి మాత్రం నీది, అందులో ఏముందో చూడకుండానే నీ చేతికి తెలియాలని. సబ్బుబిళ్ల, కొబ్బరినూనె, ఉడకబెట్టి ఆరేసిన నూలుతాడు, తువ్వాలు, నీళ్లలో వేస్తే వంకాయరంగు తిరిగే మందు పొట్లం, పిన్నీసులు, గోళ్లు కత్తిరించుకునేది. ఇవీ ఆయన నాకు చెప్పిన సరుకులు.

సంచి సంగతి కూడా చెప్పాలి. నాన్నకు స్నేహితుడైన దర్జీ భాయి మార్కెట్టు పక్కనే ఉండేవాడు. నాన్న మాట మీద ఆయన, బెల్లం బళ్ల మీద కప్పే పాత టార్పాలిను ముక్కతో నాకు సంచి కుట్టిచ్చాడు. వానకు తడవదు, చిరగదు, చేతిపట్టీలు రెండూ ఎద్దు లాగినా ఊడవు. అంతా బాగానే ఉంది కాని ఏళ్ల తరబడి బెల్లం మీద పడున్న గుడ్డ కదా, ఎంత ఉతికినా తీపి పోలేదు. మొదట్లో చీమలు పట్టేవి. ఆ తర్వాత తెలిసింది, పశువులకు ఆ సంచంటే మహా ఇష్టమని. నేనొక ఎద్దు కాలు చూస్తూ వంగి ఉంటే పక్కనున్న ఆవు తీరిగ్గా నా సంచి నాకుతూ ఉండేది. డాక్టరుగారు నవ్వగా నేను చూసింది ఆ ఒక్క విషయంలోనే.

అమ్మ ఆ సంచిని గడప దాటనిచ్చేది కాదు. పెరట్లో బావి పక్క గోడకు ఒక మేకు కొట్టించింది. సంచి అక్కడ తగిలించి, బావి దగ్గరే స్నానం చేసి నేను లోపలికి రావాలి. మధ్యాహ్నం తినే పెరుగన్నం గిన్నె కూడా ఆ సంచిలో పెట్టకూడదని విడిగా చిన్న కారియరు ఇచ్చేది. అందులో కోపమేమీ కనిపించేది కాదు. ఇంట్లో తద్దినాలూ పూజలూ చూసుకునే మనిషి, అంటూ మైలా చూసుకోకపోతే ఎలాగని ఆవిడ బాధ. గాజుల దగ్గర మాత్రం గట్టిగా అంది. మొదటిరోజు తీసిన గాజులు మళ్లీ తొడుక్కోవడం మరిచి వస్తే వీధి గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"బోడి చేతులతో వీధంతా నడిచి వచ్చేవేటే? సూసినవాళ్లు ఏటనుకుంటారు?"

అప్పట్నుంచి గాజులు చేతిరుమాలులో మూటకట్టి సంచిలో వేసుకోవడం, సాయంత్రం బస్సెక్కేముందు తొడుక్కోవడం. బస్సు కుదుపులకు మూటలో ఒకటో రెండో పగిలేవి. అమ్మ ఏమీ అడగకుండా గాజులమ్మే ఆవిడ వచ్చినప్పుడల్లా కొత్తవి తీసి ఉంచేది. ఆ సంచి మాట గాని, నా పని మాట గాని ఎప్పుడూ ఎత్తేది కాదు.

ఇలా సాగుతుండగా శ్రావణమాసంలో ఒక పొద్దున్న వానలో తడుస్తూ ఒక రైతు ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చాడు. ఆ రోజు డాక్టరుగారు మీటింగని విశాఖపట్నం వెళ్లారు. నేనూ, కట్లు కట్టే అటెండరూ ఉన్నాం.

"గేదె రేత్తిరి నుంచీ నొప్పులు పడతంది. ఒక కాలు బయటికొచ్చింది, రెండోది రానేదు," అన్నాడు. అన్నది నాతో కాదు, అటెండరుతో.

"డాట్రమ్మ ఉన్నారు గదా, తీసుకెళ్లు," అన్నాడు అటెండరు.

అతను నన్ను చూశాడు, సంచిని చూశాడు, వాన వైపు చూశాడు. వేరే దారి లేక పదమన్నాడు. చెరకు తోటల మధ్య గట్టు మీద నడిచాం, అతను ముందు, నేను వెనక. కాలేజీలో ఇలాంటి కాన్పు చేశాను గాని అప్పుడు పక్కన మాస్టారున్నారు, చుట్టూ తోటివాళ్లున్నారు. ఒంటరిగా ఎప్పుడూ చేయలేదు. చేయలేకపోతే గేదె పోతుంది, దూడ పోతుంది, ఆ పోయింది ఆడపిల్ల చేతిలో గనక ఈ ఊళ్లో మళ్లీ ఎవరూ నన్ను పశువు మీద చెయ్యి వేయనివ్వరు. నాన్న మాట కూడా పోతుంది. గట్టు జారుతూ ఉంటే సంచి గుండెకు హత్తుకుని నడిచాను.

పశువుల పాకలో గేదె తల దగ్గర ఒక ముసలామె గొంతుక్కూర్చుని దాని మెడ నిమురుతోంది. ఆ రైతు తల్లి. నన్ను ఎగాదిగా చూసి కొడుకుతో, "మగోళ్లకే సేత కావట్లేదు, ఈ పిల్లేటి సేత్తాదిరా," అంది. వినపడేలాగే అంది. ఆ ఇంటికి ఆ గేదె పాలే ఆధారమని తర్వాత తెలిసింది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది!

నేను సంచి విప్పాను. వేణ్నీళ్లు అడిగాను. గాజులు తీస్తుంటే ముసలామె చూసింది. ఏమనుకుందో లేచి వచ్చి చెయ్యి చాచి, "ఇలాగియ్యమ్మా, నాను సూత్తాను," అని వాటిని తన కొంగున ముడివేసుకుంది. చేతులు భుజాల దాకా సబ్బుతో కడిగి, నూనె రాసుకుని లోపలికి పెట్టాను. దూడ తల సరిగ్గానే ఉంది. రెండో ముంగాలు మోకాలి దగ్గర వెనక్కి మడతపడి అడ్డం పడింది. మడత తీయాలంటే దూడను కొంచెం లోపలికి నెట్టాలి, గిట్టను అరచేతిలో మూసి పట్టుకోవాలి, లేకపోతే అది తల్లి కడుపును చీరేస్తుంది. నొప్పి వచ్చినప్పుడల్లా గేదె నా చేతిని ఎముక విరిగేటంత బిగించేది. వేళ్లు తిమ్మిరెక్కిపోయేవి. నొప్పి తగ్గే వరకూ ఆగి, తగ్గగానే నెట్టి, మళ్లీ వెతికి, మళ్లీ జారి, ఇలా ఎంతసేపో. చీర మోకాళ్ల దాకా బురదయింది. గేదె తొడకు నా చెంప ఆనించి కళ్లు మూసుకుని వేళ్లతోనే చూస్తున్నాను. ఒక్కసారి గిట్ట నా అరచేతిలోకి వచ్చి కూర్చుంది. మెల్లిగా పైకెత్తి ముందుకు తెచ్చాను. కాలు చాపుకుంది.

రెండు కాళ్లకూ తాడు వేసి చివర ఆ రైతుకిచ్చాను. నొప్పి వచ్చినప్పుడే లాగాలి, కిందికి లాగాలి, నేను చెప్పినప్పుడు ఆపాలి అంటే అతను బుద్ధిగా తలూపాడు. పొద్దుట్నుంచీ నా మాటకు అతను తలూపడం అదే మొదలు. మూతి వచ్చింది, తల వచ్చింది, భుజాలు కాసేపు ఇరుక్కున్నాయి, ఆ తర్వాత దూడంతా ఒక్కసారిగా జారి గడ్డి మీద పడింది. పడి కదల్లేదు.

ముసలామె గొంతులో ఏదో చిన్న శబ్దం వచ్చింది. నేను దూడ నోట్లో వేలు పెట్టి జిగురు తీసి, తువ్వాలుతో గట్టిగా రుద్దుతూ, గడ్డిపరకతో ముక్కులో కదిపాను. రుద్దాను, కదిపాను. అది తుమ్మింది.

"తుమ్మిందిరా," అంది ముసలామె నెమ్మదిగా. కొడుక్కి చెప్పిందో తనకు తాను చెప్పుకుందో తెలియదు. పెయ్యదూడ. గేదె వెనక్కి తిరిగి దాన్ని నాకడం మొదలుపెట్టింది. అది చూస్తూ నేను అక్కడే గడ్డిలో కూలబడ్డాను.

నా అవతారం ఎలా ఉండాలో అలాగే ఉంది. ఉన్న ఒక్క తువ్వాలూ దూడకైపోయింది, వేరే చీర తెచ్చుకునే తెలివి నాకు లేకపోయింది. ముసలామె నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, పొయ్యి మీద నుంచి వేణ్నీళ్లు దించి తనే నా భుజాల మీద పోసి, తన చీరొకటి తెచ్చి ఇచ్చింది. ముదురెరుపు ముతక చీర, వెడల్పు అంచు, పొయ్యి పొగ వాసన. కొంగు ముడి విప్పి గాజులు కూడా తనే తొడిగింది.

ఆ చీరలోనే బస్సెక్కి ఇంటికి వచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఎవరిదే ఆ చీర?"

చెప్పాను. ఎక్కడా ఆపకుండా వింది. అంతా విని, "గేదె బతికిందా?" అని మాత్రం అడిగింది. రెండూ బతికాయన్నాను. స్నానం చేసి రమ్మంది. మర్నాడు పొద్దున్న చూస్తే, నా సంచి ముట్టుకోని మనిషి, ఆ ముతక చీరను తన చేత్తోనే ఉతికి దండెం మీద ఆరేసింది.

ఒకరోజు పోయాక ఆసుపత్రి ముందు నేనొక ఎద్దు గిట్టకు కట్టు కడుతుంటే బస్సు ఆగింది. అందులోంచి అమ్మ దిగింది. మా అమ్మ మార్కెట్టు వీధి దాటి ఒక్కతే బయటికి రావడం నేను అంతవరకు చూడలేదు. చేతిలో మడతపెట్టిన ఆ చీర, పసుపు కుంకుమ పొట్లాలు, ఒక బెల్లం దిమ్మ. నేను తీసుకెళ్లి ఇచ్చేదాన్ని కదా అంటే, "ఒకరు తాము కట్టుకునే చీర తీసిస్తే ఎవరి చేతో పంపుతారా? మనిషి రావాల," అంది.

వాళ్లింటికి తీసుకెళ్లాను. ఇద్దరూ వసారాలో చాప మీద కూర్చున్నారు. ముసలామె తన చెయ్యి చాచి, భుజం దగ్గర రెండో చెయ్యి ఆనించి చూపించింది.

"మీ పిల్ల ఇంతవరకూ లోనికెట్టీసిందమ్మా. నానైతే కళ్లు మూసుకున్నాను. దీన్ని ఏ తల్లి కన్నాదో ఆ తల్లికి దండం పెట్టాల అనుకున్నాను. ఇయ్యాల నువ్వే వచ్చేవు."

అమ్మ లేచి పాకలోకి వెళ్లి దూడ దగ్గర నిలబడింది. అది వచ్చి అమ్మ చీర కుచ్చిళ్లు నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలెట్టింది. పట్టుబట్టలాగా చూసుకునే బయటికెళ్లే చీర అది. అమ్మ వెనక్కి లాక్కోలేదు. అది వదిలేవరకూ అలాగే నిలబడింది. వచ్చేటప్పుడు ముసలామె జున్నుపాలు గిన్నెలో పోసిస్తే, బయట మంచినీళ్లు కూడా ముట్టని మా అమ్మ రెండు చేతులా అందుకుంది.

సాయంత్రం బస్సులో ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుని, తొణక్కుండా కొంగుతో మూసి, చాలాసేపు కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ కూర్చుంది. ఊరు దగ్గరకొచ్చాక నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, గాజులు కొంచెం పైకి జరిపి చూసింది. మణికట్టు పైన ఇంకా నల్లగా కమిలి ఉంది.

"నొప్పెట్టలేదే?" అంది.

అందరూ గేదె గురించి అడిగారు, దూడ గురించి అడిగారు. డాక్టరుగారు కూడా భేషని మెచ్చుకున్నారు. ఈ మాట ఎవరూ అడగలేదు. నాకు బస్సులో అంతమంది మధ్య ఏడుపొచ్చేసింది. అమ్మ గిన్నె మీది కొంగు చివర తీసి నా మొహం తుడిచింది.

మర్నాటి నుంచి ఆ సంచి అమ్మే సర్దేది. మెత్తబడ్డ పాత నూలుచీర, దానికి సరిపడే రవికె, ఒకటికి రెండు తువ్వాళ్లు వచ్చి చేరాయి. బిరడా ఊడి నూనె ఒలికిపోతోందని మరతిప్పే మూత సీసా వచ్చింది. చెయ్యి తిమ్మిరెక్కితే నోట్లో వేసుకోమని శొంఠీ బెల్లం ఉండలు. ఒకరోజు సంచి అడుగున చిన్న చేతిసంచొకటి కనబడింది, మూతికి తాడు, లోపల దూది పెట్టి కుట్టిన మెత్తటి అస్తరు. తన పెళ్లినాటి పట్టు రవికె గుడ్డ అది. అదెందుకో అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు, గాజులు మాత్రం మళ్లీ పగల్లేదు. సంచి బరువెక్కిపోయేది. ఇవన్నీ ఎవరు మొయ్యాలమ్మా అని నేను రోజూ విసుక్కునేదాన్ని. "మోసేదానివీ నువ్వే, కావాల్సొచ్చేదీ నీకే," అనేది. ఒక్క వస్తువు కూడా తిరిగి తీసేది కాదు. వీధిలో ఎవరైనా అడిగితే అప్పట్నుంచి "మా పిల్ల పశువుల డాక్టరు" అనే చెప్పేది.

తర్వాత ఉద్యోగమొచ్చింది, ఏ జిల్లాకి వేస్తే ఆ జిల్లాకి వెళ్లాను, పెళ్లయింది, సంచులు మారాయి. అన్నీ నేనే సర్దుకునేదాన్ని. ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోయేదాన్ని. సబ్బు ఉంటే తువ్వాలు ఉండేది కాదు, తువ్వాలు ఉంటే నూనె ఉండేది కాదు. ఏ ఊరికెళ్లినా ఎవరో ఒక తల్లి తన ఇంట్లోంచి తెచ్చి ఇచ్చేది, అలా గడిచిపోయింది. అమ్మ సర్దిన ఆ కొన్ని నెలల్లో మాత్రం నాకు ఏం కావాలో నేను ఆలోచించుకోవలసిన పనే పడలేదు.

ఇప్పుడు మునగపాక దారిలో వెళ్తే చెరకు తగ్గి ప్లాట్ల రాళ్లు కనిపిస్తాయి. గేదెలున్న ఇళ్లు తక్కువ, రైతుల పిల్లలూ పాకెట్టు పాలే తాగుతున్నారు. పశువులకు అంబులెన్సు ఉంది, భుజం దాకా వచ్చే చేతితొడుగులున్నాయి. మా చదువు చదివేవాళ్లలో ఇప్పుడు ఆడపిల్లలే ఎక్కువంటారు. ఈ పిల్లేటి సేత్తాదని వాళ్లనెవరూ అనరు. ఇవన్నీ మంచివే. ఆ రోజులే బాగుండేవని నేననను, ఆ రోజుల్లో మనం పడ్డ అవస్థలు మనకు తెలుసు.

సోమవారం సంగతి చెప్పి ముగిస్తాను. మనవరాలు సంచి జిప్పు లాగేసి లేస్తుంటే, నేను అలమరలోంచి మడతపెట్టే గొడుగు తీసి పక్క అరలో పెట్టబోయాను. "ఎండగానే ఉంది కదా అమ్మమ్మా, బరువు," అంటూ నవ్వుతూ నా చేతిలోనే పెట్టేసి, బుగ్గ నిమిరి వెళ్లిపోయింది. మంచి పిల్ల. విసుక్కోలేదు, నన్ను చిన్నబుచ్చలేదు. నేనూ సరేనన్నాను. గుమ్మంలో నిలబడి అది మలుపు తిరిగే దాకా చూసి, లోపలికి వచ్చి, చేతిలో ఆ గొడుగుతోనే చాలాసేపు కూర్చున్నాను. పిల్లలు మారిపోయారని మనం అనుకుంటాం. అదే మా అమ్మయితే నేను ఎంత వద్దన్నా, రోజూ ఎంత విసుక్కున్నా, వినకుండా ఆ అరలో కుక్కి పంపేది. నేను ఒక్కమాటకే సరేనని ఊరుకున్నాను.